జీవశాస్త్రజ్ఞుడును రాయచోటి సభయును

శాస్త్రజ్ఞానము ప్రజలకందవలయునని నోటితో ఒప్పుకొననివారు మన దేశమున లేరు. ఒప్పుకొనుటతోనే తమ పని తీఱినదని తలచువారు మాత్రము పెక్కుమంది కలరు. 1976వ సంవత్సరపు 42వ సవరణచేత మన రాజ్యాంగమునందు పౌరుల ప్రాథమిక విధులు చేర్పబడినవి. శాస్త్రీయ దృక్పథమును, మానవతాభావమును, జిజ్ఞాసను, సంస్కరణబుద్ధిని పెంపొందించుకొనుట అందొక విధి. విధి పౌరునిదని నిర్ణయించితిమి, బాగుగనే యున్నది. ఆ విధిని నెఱవేర్చుటకు వలసిన సాధనములను పౌరుని చేతికందించుట యెవరి విధి? ఈ ప్రశ్నను మేము నేడు ముఖ్యముగా జీవశాస్త్రజ్ఞులను అడుగుచున్నాము. నక్షత్రముల సంగతి తెలియకున్నను సంసారము సాగును. తిను తిండి, త్రాగు నీరు, బిడ్డకు వచ్చు జ్వరము, చేనికి పట్టు తెగులు, చూరులో దాగిన పాము, ఇవియన్నియు జీవశాస్త్రపు విషయములే. ఇంటిలో ప్రతిదినమును పనికివచ్చు ఈ శాస్త్రమే ఇంటికి దూరమై, పరీక్షల పుస్తకములలో దాగియుండుట మనకు సిగ్గుచేటు.

రాయచోటినే దృష్టాంతముగా గైకొందము. మాండవ్యనది యొడ్డున, వీరభద్రస్వామి యాలయముచేత పేరుగన్న యూరది. చుట్టును మెట్టభూములు, వాన కురిసినచో వేరుసెనగ, కురియనిచో వలస. ఆ ప్రాంతపు స్త్రీపురుషులు కువైటు మొదలగు దేశములకు బోయి, అచటనుండి డబ్బు పంపి యిల్లు నిలుపుకొనుచుందురు. తెలుగుతోపాటు ఉర్దూ వినబడు వీధులు గల పట్టణము. ఇట్టిచోట శాస్త్రము వినువారు దొరకరని కొందఱు విద్యావంతులు సెలవిత్తురు. తెల్లవార్లును హరికథ విన్నవారు, మిట్టమధ్యాహ్నపుటెండలో నిలిచి యెన్నికల యుపన్యాసములు విన్నవారు, శాస్త్రమనగానే చెవులు మూసికొందురా? వినుటకు జనమెప్పుడును సిద్ధముగనే యున్నారు. వారి బ్రతుకునకు సంబంధించిన మాటను, వారి భాషలో, వారి యూరికి మోసికొనివచ్చువారెందఱని మేమడుగుచున్నాము.

వచ్చువారు బొత్తిగా లేరని మేమనము. ఫిబ్రవరి 28వ తేదీని జాతీయ విజ్ఞానదినముగా 1987 మొదలు మన దేశమున జరుపుకొనుచున్నారు. అట్టి దినములలో చిన్న పట్టణముల పాఠశాలలలో సభలు జరుగును. ఆ సభల తీరు చదువరులెఱిగినదే. ముందు దీపము వెలిగింతురు. పిదప అధ్యక్షులను, ముఖ్యాతిథులను, విశిష్టాతిథులను వేదికపైకి పిలిచి శాలువలు కప్పుదురు. ఒక్కొక్కరును మిగిలినవారి గొప్పతనమును వర్ణింతురు. ఎండకు వాడిన పిల్లలు నేలమీద కూర్చుండి యుందురు. చివరకు శాస్త్రజ్ఞుని వంతు వచ్చునప్పటికి పొద్దు వాలిపోవును. ఆయనయు, ‘కష్టపడి చదువుడు, కలలు కనుడు, మీరును గొప్ప శాస్త్రజ్ఞులగుదురు’ అని నాలుగు మాటలు చెప్పి, రెండు వింతలు వినిపించి, చప్పట్లందుకొని బండి యెక్కును. దీనికి స్ఫూర్తినిచ్చు ప్రసంగమని పేరు!

మేము స్ఫూర్తిని నిందింపము. నిప్పు రాజుకొనక వంట కాదు. కాని యెసరు పెట్టకుండ, బియ్యము పోయకుండ, పొయ్యి మాత్రము మండించి, అతిథులను భోజనమునకు లేవదీయుట యే మర్యాద? వింతలు చెప్పి నోరు తెఱపించుటయే శాస్త్రోపన్యాసమైనచో, సంతలోని గారడివాడు ఆ పనిని ఇంతకంటె చక్కగా చేయుచున్నాడు. గారడివానికిని శాస్త్రజ్ఞునికిని భేదమొక్కటియే. గారడివాడు తానెట్లు చేసెనో చెప్పడు. శాస్త్రజ్ఞుడు తనకెట్లు తెలిసెనో చెప్పవలయును. ఆ మాట చెప్పని శాస్త్రజ్ఞుడు, తానెంత గొప్పవాడైనను, జనులకు మఱియొక నమ్మకమును పంచిపెట్టినవాడగుచున్నాడే కాని జ్ఞానమును పంచినవాడు కాడు. నిన్న మంత్రగానిని నమ్మినవారు నేడు పట్టభద్రుని నమ్ముదురు. నమ్ముట మాత్రము మారదు. రేపు మఱియొక పట్టభద్రుడు వచ్చి కల్తీ మందును పొగడినచో దానినిగూడ నమ్ముదురు.

మఱి మంచి యుపన్యాసమెట్లుండును? ఇంగ్లండు దేశపు జీవశాస్త్రజ్ఞుడైన థామస్ హక్స్లీ 1868లో నార్విచ్ పట్టణమున కూలిపనివారి సభలో ప్రసంగించెను. ఆయన తీసికొన్న విషయము ఒక సుద్దముక్క. వడ్రంగి చేతిలో నుండు ఆ సుద్దను సూక్ష్మదర్శినితో చూచినచో, అది పూర్వము సముద్రములో బ్రతికిన అతిసూక్ష్మప్రాణుల గుల్లల రాశియని తెలియుననియు, ఆ ప్రాంతపు నేల యొకప్పుడు సముద్రగర్భమై యుండెననియు, ఒక్కొక్క సాక్ష్యమును ముందుంచి వారిచేతనే యూహింపజేసెను. ఆ ప్రసంగము నేటికిని చదువబడుచున్నది. కూలిపనివారికి ఇంతియే చాలునని ఆయన సరకు తగ్గించి యమ్మలేదు.

మనకట్టి సుద్దముక్క లేదా? రాయచోటికి ఉత్తరముగా, అదే కడప సీమలో, వేంపల్లె ప్రాంతపు రాళ్లను చూడుడు. ఆ డోలమైటు రాళ్లలో ఉల్లిపొరలవలె ఒకదానిపై నొకటి పేరుకొన్న గుండ్రని పొరలు కానవచ్చును. వానిని స్ట్రొమటొలైట్లందురు. కంటికి కానరాని నీలిపచ్చ సూక్ష్మజీవులు తక్కువలోతు సముద్రజలములలో చాపవలె పరచుకొని, తమపై బడిన మన్నును పట్టియుంచి, పొరపై పొరగా కట్టిన కట్టడములవి. వాని వయస్సు 180 కోట్ల సంవత్సరములకు పైమాట. నేడు మనము పీల్చు ప్రాణవాయువు పూర్వము భూమిపై నింతగా లేదు. దానిని గాలిలో నింపిన పనివారు ఆ జాతి సూక్ష్మజీవులే. వానకు మొగము వాచిన ఈ కడప సీమ యొకప్పుడు సముద్రమనియు, మన యూపిరికి మూలమైన జీవుల పనితనము మన గుట్టలలోనే యున్నదనియు చెప్పుటకు ఒక ఱాతిముక్క చాలును. దానిని చేతికిచ్చి, పొరలను లెక్కింపజేసి, ‘ఇది యెట్లేర్పడియుండును?’ అని యడిగిన యుపన్యాసకుడు రాయచోటి బాలుని మనస్సులో నాటు విత్తనము నూఱు పొగడ్తల ప్రసంగములు నాటజాలవు.

తెలుగువారికిది క్రొత్త మార్గమును గాదు. 1906లో హైదరాబాదున స్థాపింపబడిన విజ్ఞానచంద్రికా మండలి, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పూనికతో, చరిత్రతోపాటు ప్రకృతిశాస్త్రములను గూడ తెలుగు వచనమున అచ్చొత్తించి యిండ్లకు పంపెను. గోరాగారని ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు (1902–1975) వృక్షశాస్త్రమున ఎం.ఏ. పట్టము పొంది, కొలంబో, కాకినాడ, మచిలీపట్టణము మొదలగుచోట్ల కళాశాలలలో బోధించినవారు. తమ భావముల కారణముగా 1933లో కాకినాడలోని యుద్యోగమును గోల్పోయిరి. తరువాత అధ్యాపకవృత్తినే వదలి, 1940లో కృష్ణాజిల్లా ముదునూరు గ్రామమున నివసించి, వయోజనవిద్యకును అస్పృశ్యతానివారణకును పూనుకొనిరి. గ్రహణకాలమున గర్భిణి బయటికి వచ్చినచో బిడ్డకు కీడని లోకము నమ్ముచుండగా, ఆయన భార్య సరస్వతీ గోరాగారు కొలంబోలో గర్భిణిగా నుండియే గ్రహణమున బయటికి వచ్చిరి. గోరాగారి నాస్తికమతమును అందఱును అంగీకరింపవలసిన పనిలేదు. చెప్పిన మాటను తమ యింటనే, తమ దేహముమీదనే పరీక్షకు పెట్టిన ఆ దంపతుల ధైర్యమును మాత్రము మన యుపన్యాసకులందఱును నేర్చుకొనవలసియున్నది.

హైదరాబాదున 1977లో సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రమును నెలకొల్పిన పుష్పమిత్ర భార్గవగారు (1928–2017) రెండవ తార్కాణము. అజ్మీరున పుట్టి హైదరాబాదును కార్యక్షేత్రముగా చేసికొన్న ఈ జీవశాస్త్రజ్ఞుడు, ప్రయోగశాలలో ఎంత పనిచేసెనో ప్రజల మధ్య శాస్త్రీయ దృక్పథమును గూర్చి చెప్పుటయందును అంత పనిచేసెను. 1981లో వెలువడిన శాస్త్రీయ దృక్పథ ప్రకటనను రూపొందించిన వారిలో ఆయన యొకడు. మూఢవిశ్వాసముల విషయమున మన శాస్త్రపరిషత్తులు నోరు మెదపకుండుటను నిరసించి 1994లో మూడు పరిషత్తుల సభ్యత్వమును వదలుకొనెను. బిరుదుల కొఱకు పరిషత్తులచుట్టు ప్రదక్షిణము చేయువారు ఈ సంగతిని ఒక్కమాఱు మననము చేసికొందురు గాక.

ఇక ప్రాణముల సంగతి విచారింతము. 2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటుచేత సుమారు 12 లక్షలమంది, అనగా ఏటేట సగటున 58,000 మంది, మరణించిరని 2020లో ప్రకటింపబడిన యొక పరిశోధన తేల్చినది. ఈ మరణములలో హెచ్చుపాలు కొన్ని రాష్ట్రములలోనే జరిగినది. అందు మన తెలుగునేలయు నొకటి. చచ్చినవారిలో పెక్కురు పల్లెవారు, చేలలో పనిచేయువారు. ఈ విషయమున మన విద్యావంతుల యుపన్యాసమెట్లుండును? ‘మంత్రములు బూటకము, పల్లెవారు మూఢులు’ అని తిట్టి ముగించుట. తిట్టబడినవాడు ఏల మారును? తన పెదతండ్రికి పాము కఱచినపుడు మంత్రగాడు బ్రతికించుటను అతడు కన్నులార చూచియున్నాడు గదా!

జీవశాస్త్రజ్ఞుడు ఇచ్చటనే తన విద్యను చూపవలయును. కఱచు పాములలో ననేకము విషములేనివి. విషముగల పాము కఱచినను కొన్నిమాఱులు విషము లోపలికి దిగదు. ఇట్టివారందఱును మంత్రము లేకున్నను బ్రతుకుదురు. మంత్రగానియొద్దకు పోయినచో ఆ కీర్తి మంత్రగానికి దక్కును. నిజముగా విషమెక్కినవాడు చచ్చినపుడు, ‘ఆలస్యముగా తెచ్చితిరి’ అను మాట సిద్ధముగా నుండును. బ్రతికినవారి పేర్లు ఊరంతయు చెప్పుకొనును. చచ్చినవారి లెక్క యెవరును వ్రాయరు. ఈ సంగతిని నిదానముగా విప్పిచెప్పి, ‘మీ యూరిలో పదియేండ్లలో పాము కఱచినవారందఱి పేర్లును వ్రాయుడు, ఏ పాము కఱచినది, ఎచటికి పోయిరి, ఏమైరి, అన్నియు వ్రాయుడు’ అని కోరినచో, ఆ గ్రామస్థులే పరిశోధకులగుదురు. తాను వ్రాసిన లెక్కను ఏ మనుష్యుడును కాదనడు.

దానితోడనే ఇంటికి పనికివచ్చు మాటలు చెప్పవలయును. కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించువారిని కఱచును. కాటు నొప్పి తెలియకపోవచ్చును. తెల్లవాఱునప్పటికి కనుఱెప్పలు వాలుట, మాట తడబడుట మొదలగును. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషమునకును విఱుగుడు మందు కలదు. తమిళనాడున ఇరుళజాతివారు 1978 నుండి సహకారసంఘముగా నేర్పడి పాములను పట్టి విషము తీయుచున్నారు. అట్టి విషమును కొద్దికొద్దిగా గుఱ్ఱములకెక్కించి, వాని రక్తమునందు పుట్టు ప్రతివిషమును మందుగా చేయుదురు. కాటును కోయుట, త్రాటితో బిగించి కట్టుట, నోటితో పీల్చుట హానికరములు. కఱచిన యవయవమును కదలనీయక, జాగుచేయక ఆస్పత్రికి చేర్చుటయే కర్తవ్యము. ఈ నాలుగు మాటలు తెలిసిన తల్లి యున్న యిల్లు, తెలియని తల్లి యున్న యిల్లు ఒక్కటి కావు. మేము స్త్రీలను సభలో ముందు కూర్చుండబెట్టవలయునని పట్టుబట్టుట యిందువలననే.

చేను సంగతియు నిట్టిదే. 2000వ సంవత్సరపు వానకాలమున రాయచోటికి పొరుగుననున్న అనంతపురము జిల్లాలో వేరుసెనగ పైరును కాండము కుళ్లు తెగులు పట్టి, సుమారు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతిన్నది. నష్టము 300 కోట్ల రూపాయలకు మించినదని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. ఆ తెగులునకు మూలము పొగాకు జాతిమొక్కలలో మొదట గుర్తింపబడిన యొక వైరసు. అది గట్టులమీద, బాటల ప్రక్కన పెరుగు వయ్యారిభామ మొక్కలో పైకి ఏ చిహ్నమును చూపక దాగియుండును. ఆ మొక్క పుప్పొడిలో వైరసు ఉండును. తామరపురుగులు ఆ పుప్పొడిని ఒంటికంటించుకొని వేరుసెనగ లేతాకులపై వ్రాలి గీరగా, ఆ గాయములగుండ తెగులు లోపలికి దిగును. కనుక తెగులు కనబడిన పిదప మందు చల్లుట ఇల్లు కాలినపుడు బావి త్రవ్వుటయే. వయ్యారిభామను పూతకు రాకముందే పెఱికివేయుట, చేనిచుట్టు జొన్నగాని సజ్జగాని నాలుగు సాళ్లు వేసి పురుగుల రాకకు అడ్డుకట్టుట, ఇవి నివారణోపాయములు.

ఇందలి తత్త్వమును గమనింపుడు. ఒక్క రైతు తన గట్టును మాత్రము శుభ్రము చేసికొన్నచో చాలదు; పొరుగువాని గట్టుమీది పుప్పొడి గాలికి వచ్చును. ఊరంతయు ఒకేవారమున కలసి చేయవలసిన పని యిది. ఊరంతయు కలసి చేయవలెనన్నచో ఊరందఱికిని ఒకేమాఱు ఒకేచోట కారణము తెలియవలయును. కరపత్రము చదువనివాడున్నాడు, ఫోనులో వచ్చు బొమ్మను చూడనివాడున్నాడు. సభకు రానివాడు అరుదు. ఎదుటికి వచ్చి మాటలాడు శాస్త్రజ్ఞుని స్థానమును యంత్రములు తీర్పలేవని మేము చెప్పుట యిందులకే. యంత్రమును తిరిగి ప్రశ్నించు రైతునకు, ‘మీ గట్టు చూపుడు, పోదము’ అని యది బదులు చెప్పజాలదు.

సభలో చెప్పుటయే కాదు, వినుటయు శాస్త్రజ్ఞుని ధర్మము. కలివికోడి చరిత్ర దీనికి సాక్షి. ఈ పక్షిని 1848లో జెర్డాన్ అను వైద్యుడు శాస్త్రలోకమునకు తెలిపెను. 1900 తరువాత అది కానరాలేదు. నశించినదని గ్రంథములలో వ్రాసివేసిరి. 1986 జనవరిలో కడపజిల్లా లంకమల కొండల చెంత, రెడ్డిపల్లె సమీపమున అది మరల దొరకినది. ఎట్లు దొరకినది? బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ గారు పక్షి బొమ్మలను పట్టుకొని గ్రామములు తిరిగి, వేటగాండ్రతోడను పశులకాపరులతోడను మాటలాడిరి. రాత్రివేళ దీపముతో పిట్టలను పట్టు స్థానికుడొకడు దానిని పట్టి తెచ్చెను. ఎనుబదియాఱేండ్లు పండితలోకము చచ్చినదనుకొన్న పక్షిని అడవిలో దిరుగువా రెఱిగియే యుండిరి, వారినడిగినవారు లేరు! ఆ పట్టుబడిన పక్షి బ్రతుకకపోయినను, దాని జాతి బ్రతికియున్నదని తెలియుటచేత 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. రాయచోటి సభలో ముందువరుసనున్న గొఱ్ఱెలకాపరి వద్ద ఇట్టి సంగతులింకెన్ని యున్నవో! అతనికి మాటలాడుటకు అవకాశమే యీయని సభ యెంతటి నష్టమును కలిగించుచున్నదో ఆలోచింపుడు.

ఇక మాకు ఎదురుచెప్పువారి వాదములు. ‘శాస్త్రజ్ఞుని కాలము పరిశోధనకు చెల్లవలయును గాని ఊరూర దిరుగుటకు కాదు’ అని కొందఱందురు. ఆ పరిశోధనకు ధనమెవరిది? రాయచోటి కూలివాడు కొను అగ్గిపెట్టెపై కట్టు పన్నులో ఆ ప్రయోగశాల సున్నపురాయియు నున్నది. సంవత్సరమున రెండు దినములు లెక్క చెప్పుటకు రావలయుననుట దురాశ కాదు. ‘తెలుగున పారిభాషికపదములు లేవు’ అని మఱికొందఱు. వైరసు అను మాటను ఎఱుగని రైతు నేడెవడు? మొక్కకు వయ్యారిభామ యని, పురుగునకు తామరపురుగని పేరుపెట్టుకొన్న భాషకు శక్తి చాలదా? కొఱత భాషలో లేదు. తాను నేర్చినదానిని తన తల్లికి చెప్పుటకు ఎన్నడును ప్రయత్నింపని పండితునిలో నున్నది. ‘ముందు కూడు, తరువాత శాస్త్రము’ అనువారికి వేరుసెనగ చేనే జవాబు చెప్పినది. ‘శాస్త్రము వచ్చినచో భక్తి పోవును’ అని భయపడువారు కూడ కలరు. వీరభద్రస్వామికి మ్రొక్కిన చేతులతో వయ్యారిభామను పెఱుకరాదని యే ఆగమమును చెప్పలేదు. నమాజు చేసి వచ్చినవాడు పాముకాటునకు ఆస్పత్రికి పోరాదని యే మౌల్వియు చెప్పలేదు. శాస్త్రము చేత చెడునది భక్తి కాదు, భక్తి పేరిట సాగు వ్యాపారము.

కావున మా కోరికలివి. విశ్వవిద్యాలయములందును పరిశోధనాలయములందును జీవశాస్త్రము పనిచేయువారు సంవత్సరమున ఒక్కమాఱైనను రాయచోటివంటి పట్టణమునకు వచ్చి, తెలుగున మాటలాడవలయును. వలసినచో ఉర్దూలోనికి మార్చిచెప్పు మనుష్యుని ప్రక్కన నుంచుకొనవలయును. శాలువలు, దండలు మానవలయును. సూక్ష్మదర్శినియో, ఱాయియో, తెగులు పట్టిన మొక్కయో వెంట తెచ్చి, జనుల చేతికీయవలయును. ఉన్న కాలములో సగము ప్రశ్నలకు విడువవలయును. మొదటి ప్రశ్న స్త్రీలది కావలయును. తెలియని ప్రశ్న వచ్చినచో ‘నాకు తెలియదు, తెలిసికొని వత్తును’ అనవలయును; అనుటయే కాక మరల రావలయును. జనులును మఱియొక నియమమును పాటింపవలయును. ఎవరేమి చెప్పినను, వారెంతటి బిరుదు గలవారైనను, ‘అయ్యా, ఇది మీకెట్లు తెలిసినది?’ అని యడుగవలయును.

చదువరులారా, ఈ చివరి మాట మీకుగూడ చెప్పుచున్నాము. మీ యింట బాలికయొకతె భోజనమువేళ ఇట్టి ప్రశ్న నడిగినపుడు, ‘పెద్దలతో ఎదురాడకు’ అని నోరు మూయించుట మీ యిష్టము. ఆ నోరు మూయించిన యింటికి ఎంతటి జీవశాస్త్రజ్ఞుడు వచ్చి ప్రసంగించినను ఫలములేదు. సభ పట్టణమున జరుగును. దాని ఫలము మాత్రము మీ వంటయింటను, మీ చేనిగట్టునను పండవలసియున్నది.